నడిమి నీరు

మల్లేశం ఢిల్లీలో రైలు దిగేసరికి అతనికి ఇరవై మూడేళ్లు. సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి, గణితంలో ఎమ్మెస్సీ చేసి, కలెక్టర్ అవుదామని వచ్చాడు. కరోల్ బాగ్‌లో మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో దిగాడు. ఆ గదికి కిటికీ ఉండేది కానీ, దాన్ని తెరిస్తే పక్కింటి గోడ చేతికి తగిలేది.

సివిల్స్‌కు ఐచ్ఛిక విషయంగా గణితమే తీసుకున్నాడు. ఆ సిలబస్ చివర నీళ్లూ గాలీ ఎలా కదులుతాయో చెప్పే భాగం ఒకటి ఉంటుంది. మార్కులు తక్కువ, కష్టం ఎక్కువ అని చాలామంది దాన్ని వదిలేసేవారు. మల్లేశం మాత్రం చరిత్ర, రాజ్యాంగం చదవాల్సిన వేళల్లో కూడా ఆ పుస్తకమే ముందేసుకొని కూర్చునేవాడు. ఏడుసార్లు పరీక్ష రాశాడు. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లి వచ్చాడు. ముప్పై అయిదేళ్లు నిండేసరికి వయోపరిమితి దాటిపోయింది, ఆ దారి మూసుకుపోయింది.

ఆఖరి ఫలితం వచ్చిన రోజున అతని పక్కన ఉన్నది సుభద్ర. ఆమెది కృష్ణా జిల్లా నాగాయలంక వైపు, సముద్రానికి దగ్గరి ఊరు. ఆమె కూడా సివిల్స్‌కే వచ్చింది కానీ, మూడో ప్రయత్నం తర్వాత వేరే పరీక్ష రాసి ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో ఉద్యోగం తెచ్చుకుంది. తెలుగు మెస్‌లో భోజనాల దగ్గర కలిగిన పరిచయం వాళ్లది.

"లిస్టులో లేను" అన్నాడు మల్లేశం ఫోను జేబులో పెట్టుకుంటూ.

"చూశాను. పద, ముందు ఏదన్నా తిందాం" అంది సుభద్ర.

తిన్నాక ఆమే అడిగింది, ఇకనైనా పెళ్లి చేసుకుందామా అని. అతను ఉద్యోగం లేదన్నాడు. తనకు ఉందిగా అంది. ఆ మాట ఆమె ఎంత మామూలుగా అన్నదో మల్లేశం ఈనాటికీ తలచుకుంటాడు.

పెళ్లయ్యాక కటవారియా సరాయ్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. అతను అక్కడే ఒక కోచింగ్ సెంటర్‌లో ఉదయంపూట గణితం చెప్పడం మొదలుపెట్టాడు. పాఠం బాగా చెబుతాడని పేరొచ్చింది. బతుకు ఒక గాడిన పడింది. అలాగే నడిచిపోయేదేమో కూడా. కానీ ఒకరోజు క్లాసు ముగించుకొని వస్తుంటే, దగ్గర్లోని విశ్వవిద్యాలయం గేటుకు అంటించిన కాగితం ఒకటి కనిపించింది. "పొరలుగా పారే నీళ్ల గణితం: బహిరంగ ఉపన్యాసం, ప్రొఫెసర్ ఇంద్రాణి" అని ఉంది. అప్పుడే మొదలవుతోంది. మల్లేశం లోపలికి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు.

ఇంద్రాణి చిత్తరంజన్ పార్కులో ఉండే బెంగాలీ ఆవిడ. అప్పటికే తల పూర్తిగా నెరిసింది. బోర్డు మీద రెండు గీతలు గీసి మొదలుపెట్టింది. నది సముద్రంలో కలిసే చోట నీళ్లు చూడటానికి ఒక్కటిగానే ఉంటాయి. కానీ తేలికైన మంచినీరు పైన పారుతుంటుంది, బరువైన ఉప్పునీరు అడుగున మరో వేగంతో కదులుతుంటుంది. లోతు కంటే వెడల్పు చాలా ఎక్కువ కాబట్టి, ఒక్కో పొరకు మందం ఎంత, వేగం ఎంత అన్న రెండు సంగతులు తెలిస్తే చాలు, ఆ తర్వాత ఏమవుతుందో సమీకరణాలు చెప్పేస్తాయి. అయితే ఒక షరతు ఉంది. రెండు పొరల వేగాల మధ్య తేడా ఒక హద్దు దాటకూడదు. దాటిందా, మొదట్లో వెంట్రుకవాసి పొరపాటు ఉన్నా అది క్షణంలో కొండంతవుతుంది. ఇక ఆ సమీకరణాలు ఏ జోస్యమూ చెప్పలేవు.

ఉపన్యాసం అయ్యాక మల్లేశం చెయ్యెత్తాడు. "మేడమ్, రెండు పొరలకైతే ఆ హద్దును సూత్రంగా రాశారు. మూడు పొరలుంటే?"

ఇంద్రాణి కళ్లజోడు తీసి అతన్ని చూసింది. "మూడు పొరలకు అంత తేలిక సూత్రం లేదు. నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉందా?"

అతను ఉందన్నాడు. తన వయసు ముప్పై ఆరు అని కూడా చెప్పాడు, అదేదో నేరమైనట్టు.

"నేను అడిగింది వయసు కాదే" అంది ఆవిడ ఇంగ్లిషులో.

ఆ మాటతో మల్లేశం మళ్లీ విద్యార్థి అయ్యాడు. వయసు దాటింది కనక ఫెలోషిప్ రాలేదు. ఉదయం కోచింగ్‌లో పాఠం చెప్పి, మధ్యాహ్నం నుంచి పరిశోధనకు వెళ్లేవాడు. తోటి విద్యార్థులు అతనికంటే పదేళ్లు చిన్న. మొదట్లో 'సర్' అన్నారు, తర్వాత 'భయ్యా' అన్నారు. కూర్చోవడానికి చోటు లేకపోతే ఇంద్రాణి తన గదిలోనే కిటికీ పక్కన ఒక బల్ల వేయించింది. నాలుగేళ్లు అతను ఆ బల్ల దగ్గరే పనిచేశాడు.

నాలుగో ఏడాది చివరికి అతని సిద్ధాంతం ఒక రూపానికి వచ్చింది. పైన మంచినీరు, అడుగున ఉప్పునీరు, నడుమ రెండూ కలిసిన నీరు. పక్కపక్క పొరల వేగాల్లో తేడా ఫలానా హద్దుల్లో ఉంటే, సమీకరణాలకు పరిష్కారం ఉంటుంది, ఒక్కటే ఉంటుంది, కొంత కాలం వరకూ అది నమ్మకంగా నిలుస్తుంది. అంతేకాదు, నడిమి పొర ఎంత పలచగా ఉన్నా సరే, ఆ భరోసా కాలం తగ్గదు. ఈ చివరి వాక్యమే అందరికీ నచ్చింది. ఒక గణిత పత్రిక అతని వ్యాసాన్ని ప్రచురణకు అంగీకరించింది. థీసిస్ ఇవ్వడానికి రెండు నెలలు మాత్రం మిగిలింది.

సరిగ్గా అప్పుడే నాగేంద్రమ్మ ఢిల్లీ వచ్చింది. ఆమె సుభద్ర తల్లి. సుభద్రకు ఏడో నెల. సెలవు, ఆసుపత్రి అన్నీ ఇక్కడే కాబట్టి కాన్పు ఢిల్లీలోనే అనుకున్నారు. నాగేంద్రమ్మ రెండెకరాల రొయ్యల చెరువును ఒంటిచేత్తో నడిపే మనిషి. వచ్చిన రెండో రోజుకే అద్దెకిచ్చిన ఇంటావిడతో స్నేహం చేసుకుంది. ఇంటావిడ హర్యానా హిందీ, ఈమె దివిసీమ తెలుగు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ డాబా మీద కూర్చొని గంటలకొద్దీ మాట్లాడుకునేవారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మల్లేశం ముందుగదిలో గోడకున్న తెల్లబోర్డు మీద మూడు రంగుల్లో బొమ్మ గీసి, థీసిస్‌కు ముందుమాట ఆలోచిస్తున్నాడు. నాగేంద్రమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ ఆ బొమ్మనే చూస్తోంది.

"అల్లుడుగారూ, ఏంటండీ అది? కాలవా?"

"గట్లాంటిదే అత్తమ్మా. పైన తీపి నీళ్లు, కింద ఉప్పు నీళ్లు. నడుమ రెండూ కలిసినయి. ఒకదాని మీద ఒకటి ఎట్ల పోతయో లెక్క కడుతున్న."

ఆమె చేతిలో కాయ ఆగింది. "ఇది మా ఊరి ఏటి పాయేనండీ. చెరువుకు నీళ్లు తోడాలంటే మేం చూసుకునేది ఇదే. బొంగుకు సీసా కట్టి దింపుతాం. మీది నీళ్లు చప్పగా ఉంటయ్, కాస్త దింపితే ఓ మాదిరి ఉప్పు, ఇంకా దింపితే ఒట్టి సముద్రం. రొయ్యకు ఆ నడిమి నీరే కావాలి. ఇంజను పైపు సరిగ్గా అక్కడికి దించుతాం."

మల్లేశానికి నవ్వొచ్చింది, సంతోషమూ కలిగింది. నాలుగేళ్లుగా తను కాగితం మీద చూస్తున్న నీళ్లను ఈమె సీసాతో ముంచి చూసింది. "అయితే నా బొమ్మ కరెక్టేనా అత్తమ్మా?"

"కరెక్టే కానీ, ఆ నడిమిది ఎల్లకాలం అంత లావు ఉండదండీ. వరద దిగిందనుకోండి, మీది నీరు ఉరుకుద్ది. అప్పుడు నడిమి నీరు రేకులాగా అయిపోద్ది. సీసా జానెడు దింపేసరికి చప్పనీళ్లు పోయి ఒకేసారి ఉప్పు తగులుద్ది. ఆ రోజుల్లో పాయను నమ్మం. పొద్దున చూసినట్టు పదిగంటలకు ఉండదు. పైపు ఎక్కడ పెట్టాలో ఎవ్వరూ చెప్పలేరు."

"రేకులాగ అయినా నా లెక్క పనిచేస్తది" అన్నాడు మల్లేశం. అదే కదా తన సిద్ధాంతం.

"ఏమోనండీ. మీ లెక్కలు నాకేం తెలుసు" అని ఆమె మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది.

మాట అక్కడితో అయిపోయింది. మల్లేశానికి మాత్రం తెగలేదు. పొర పలచబడితే పాయను నమ్మం అంటోంది ఆమె. ఎంత పలచబడినా నమ్మవచ్చు అంటోంది తన థీసిస్. నీళ్లతో పాతికేళ్లు బతికిన మనిషి ఊరికే అనదు. లోపలిగదిలోకి వెళ్లి కాగితాలు తీశాడు. పై పొరకు రుజువు నాలుగు పేజీలు, సరిగ్గా ఉంది. అడుగు పొరకు మూడు పేజీలు, అదీ సరిగ్గానే ఉంది. నడిమి పొరకు ఒకే ఒక వాక్యం: "ఇదే విధంగా నడిమి పొరకూ నిరూపించవచ్చు."

ఆ "ఇదే విధంగా" అన్న మాటను విప్పి, అడుగడుగూ రాయడం మొదలుపెట్టాడు. మూడో మెట్టు దగ్గర ఒక భాగహారం ఎదురైంది. భాజకంలో నడిమి పొర మందం ఉంది. పొర పలచబడేకొద్దీ నీటిలో రెండు అలల వేగాలు ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి. అవి రెండూ విడిగా ఉండటం మీదే రుజువంతా నిలబడి ఉంది. మందం తగ్గితే ఆ పునాది కదిలిపోతుంది. సాయంత్రం దాకా మూడు రకాలుగా చేసి చూశాడు. మూడుసార్లూ అదే తేలింది. తన సిద్ధాంతంలో అందరికీ నచ్చిన చివరి వాక్యం తప్పు.

సుభద్ర టీ తెచ్చి పక్కన పెట్టింది. తల్లి ముందు 'ఏవండీ' అంటుంది కానీ, ఇద్దరే ఉన్నప్పుడు పాత అలవాటు పోలేదు. "ఏంటి అలా కూర్చున్నావ్?"

"రుజువు తప్పింది. మీ అమ్మ పట్టుకున్నది."

ఆమె పరాచికమనుకుంది. అతని ముఖం చూసి కాదని తెలుసుకుంది. కుర్చీ లాక్కొని కూర్చొని, అంతా చెప్పమంది. ఆమెకు ఈ గణితం రాదు. అయినా మొదటి నుంచి చివరిదాకా విని, ఒకే ప్రశ్న వేసింది. "ఎవరూ చూడలేదు కదా. ఇలాగే ఇచ్చేస్తే?"

"ఎవరికీ తెల్వకపోవచ్చు" అన్నాడు అతను. కాగితాలు సర్దుతూ, "నాకు తెలుసు గదా" అన్నాడు.

"ఆ మాట నీ నోటితో చెప్పిద్దామనే అడిగా. రేపు మేడమ్ దగ్గరికి వెళ్లు."

మర్నాడు ఇంద్రాణి గదికి వెళ్లాడు. కాగితాలు ఆవిడ ముందు పెట్టి విషయం చెప్పాడు. ఆవిడ పెన్సిల్ తీసుకొని చదివింది. నలభై నిమిషాలు పట్టింది. తర్వాత తన సొరుగులోంచి వ్యాసం ప్రతిని తీసి, ఆ వాక్యం దగ్గర వేలు పెట్టింది. పక్కనే ఆవిడ చేతిరాతతో ఒక టిక్కు ఉంది.

"దీన్ని నేను మూడుసార్లు చదివాను మల్లేశ్. మూడుసార్లూ సరే అన్నాను. కాబట్టి ఈ తప్పు సగం నాది. పత్రికకు ఉత్తరం ఇద్దరం కలిసి రాద్దాం."

వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని, కారణం ఇదని, ఆ మధ్యాహ్నమే రాశారు. సంతకాల్లో ఆవిడ తన పేరు ముందు పెట్టింది. ఆవిడ ఆ ఏడాదే పదవీ విరమణ చేయబోతోంది. ఆ వయసులో, ఆ హోదాలో ఉన్న మనిషి శిష్యుడి పొరపాటును తన మీద వేసుకోనక్కర్లేదు. ఆ తర్వాత మరో ఏడాది గడువు కోసం కమిటీ ముందు కూర్చొని వాదించింది కూడా ఆవిడే. "తన తప్పు తానే పట్టుకొచ్చిన విద్యార్థి ఇతను. గడువు ఇవ్వడానికి ఇంతకంటే మంచి కారణం నాకు తెలియదు" అన్నదట. ఈ సంగతి మల్లేశానికి చాలా కాలం తర్వాత ఎవరో చెబితే తెలిసింది.

ఏప్రిల్‌లో పాప పుట్టింది. అక్షర అని పేరు పెట్టారు. రెండు గదుల ఇంట్లో పసిబిడ్డ, బాలింత, అత్తగారు. మల్లేశానికి కాగితం పరుచుకునే చోటు కూడా మిగల్లేదు. ఒకరోజు ఇంటావిడ మెట్ల మీద అతన్ని ఆపి చేతిలో తాళంచెవి పెట్టింది. డాబా మీద ఉన్న ఒంటిగదిది.

"ఇదెందుకు తాయీ?" అని అడిగాడు.

"నీ అత్త చెప్పింది. పైకి వెళ్లి చదువుకో బేటా. బిడ్డ ఏడుపు అక్కడికి వినిపించదు."

అద్దె ఎంతని అడిగితే కసిరింది. ఇద్దరు ఆడవాళ్లూ రాని భాషలో ఈ సంగతి ఎలా మాట్లాడుకున్నారో మల్లేశానికి అంతుపట్టలేదు. ఎండాకాలమంతా ఆ గదిలో తడిగుడ్డ మెడకు చుట్టుకొని పనిచేశాడు. ఏదీ కుదరలేదు. నడిమి పొర వేగాన్ని మిగతా రెండింటితో సమానంగా అదుపులో పెట్టాలని చూసేవాడు. పొర పలచబడగానే అది చేజారిపోయేది.

ఆగస్టులో ఒక ఉదయం కోచింగ్ క్లాసులో గతిజశక్తి పాఠం చెబుతున్నాడు. అతి మామూలు పాఠం. వందసార్లు చెప్పినదే. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. బోర్డు మీద ద్రవ్యరాశి అని రాసి ఆగిపోయాడు. పలచని పొర వేగం ఎంత మారితేనేం, అందులో ఉన్న నీరే తక్కువ. దాని శక్తి కూడా తక్కువే. మరి దాని వేగాన్ని మిగతా వాటితో సమానంగా ఎందుకు కొలవాలి? ఆ పొరలో ఎంత నీరుందో అంత బరువే ఇచ్చి కొలిస్తే?

"సర్, ఆగే?" అని హిందీలో అడిగారు ముందు బెంచీలోని పిల్లలు, తర్వాత ఏమిటని.

"రెండు నిమిషాలు ఇవ్వండి" అని హాజరు పుస్తకం వెనక అట్ట మీద నాలుగు పంక్తులు గీక్కున్నాడు. భాజకంలో ఉన్న మందం, కొత్త బరువులో ఉన్న మందంతో చాలావరకు కొట్టుకుపోయింది. పూర్తిగా పోలేదు. కానీ మిగిలినదాన్ని పట్టుకోవచ్చు. ఆ రోజు పాఠం అతను ఎలా ముగించాడో విద్యార్థులకే తెలియాలి.

దాన్ని నిలబెట్టడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది. ఈసారి "ఇదే విధంగా" అన్న మాట ఎక్కడా వాడలేదు. నడిమి పొరకే పదకొండు పేజీలు రాశాడు. కొత్త సిద్ధాంతం పాతదానంత గొప్పగా వినిపించదు. నడిమి పొర పలచబడితే భరోసా కాలం తగ్గుతుంది. అయితే ఎంత పలచబడితే ఎంత తగ్గుతుందో అది కచ్చితంగా చెబుతుంది. ఎప్పటిదాకా నమ్మవచ్చో, ఎక్కడి నుంచి నమ్మకూడదో గీత గీసి చూపిస్తుంది. ఇంద్రాణి ప్రతి పంక్తినీ రెండు రంగుల పెన్సిళ్లతో సరిచూసింది. చివరి పేజీ తిప్పి, "ఇది నిజం" అంది. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆవిడ నోటి నుంచి ఎవరూ వినలేదు.

మౌఖిక పరీక్షకు చెన్నై నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చాడు. అన్నీ అడిగాక, చివర్లో ఒక సందేహం వెలిబుచ్చాడు. "ఈ రంగంలో అందరూ పొరలన్నీ తగినంత మందంగా ఉన్నాయని ఊహించుకొని ముందుకెళతారు. మీరు పలచబడే పొర మీదే ఎందుకు దృష్టి పెట్టారు?"

మల్లేశం ఇంద్రాణి వైపు చూశాడు. ఆవిడ తలూపింది. అప్పుడు తన తప్పు సంగతి, పత్రికకు రాసిన ఉత్తరం సంగతి, రొయ్యల చెరువు నడిపే అత్తగారి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. గదిలో వెనక కూర్చున్న సుభద్ర తలవంచుకొని పాప గౌను సర్దుతూ ఉండిపోయింది. ఆ ప్రొఫెసర్ థీసిస్‌లో కృతజ్ఞతల పేజీ తీసి మళ్లీ చదివాడు. అందులో ఇంద్రాణి పేరు, సుభద్ర పేరు, ఇంటావిడ పేరు, ఆగస్టు నాటి క్లాసు విద్యార్థులు అందరూ ఉన్నారు. "నడిమి పొర గురించి మొదట నిజం చెప్పినది శ్రీమతి నాగేంద్రమ్మ, నాగాయలంక" అని ఒక వాక్యం విడిగా ఉంది.

అప్పటికి నాగేంద్రమ్మ ఊరికి తిరిగి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మల్లేశం ఫోన్ చేసి ఆ వాక్యం చదివి వినిపించాడు.

"అయ్యో, నా పేరెందుకండీ అందులో. నేనేం చేశాను, చిక్కుడుకాయలు వలిచాను" అంది ఆమె. ఆ తర్వాత పాపకు పళ్లు ఎన్ని వచ్చాయో అడిగింది. ఫోన్ పెట్టబోతూ, "డాక్టరుగారు అని పిలవాలా ఇప్పట్నించీ?" అంది. ఆ గొంతులో గర్వం అతనికి తెలిసింది.

ఇప్పుడు మల్లేశానికి నలభై రెండు దాటాయి. దక్షిణ ఢిల్లీలో ఒక కాలేజీలో తాత్కాలిక అధ్యాపకుడుగా ఉన్నాడు. ఉద్యోగం ఏటా పొడిగిస్తే ఉంటుంది, లేకపోతే లేదు. కలెక్టర్లయిన పాత రూమ్మేట్లు అప్పుడప్పుడూ ఢిల్లీ వస్తే ఫోన్ చేస్తారు. వాళ్లను చూసి నొచ్చుకునే రోజులు అతనికి ఎప్పుడు పోయాయో గుర్తులేదు. తన జీవితంలో తనంతట తాను సాధించినది ఎంత, ఇతరులు చేయి పట్టి దాటించినది ఎంత అని లెక్క చూసుకుంటే, రెండోదే చాలా పెద్దదని అతనికి తెలుసు. అందుకు అతనికి చిన్నతనంగా ఉండదు, హాయిగా ఉంటుంది.

శనివారం మధ్యాహ్నాలు అక్షరను ఎత్తుకొని చిత్తరంజన్ పార్కుకు వెళతాడు. ఇంద్రాణి విశ్రాంత జీవితంలోనూ పెన్సిళ్లు వదల్లేదు. పొరల మధ్య రాపిడిని కూడా లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందని ఇద్దరూ చూస్తున్నారు. ఇంకా ఏమీ తేలలేదు. పాప బల్ల కింద కూర్చొని పాత కాగితాల మీద గీతలు గీస్తుంటుంది. ఇంద్రాణి టీ పోసి, కప్పు అతని వైపు జరిపి, "ఊఁ, పోయినవారం ఎక్కడ ఆపాం?" అంటుంది. మల్లేశం సంచీలోంచి నోటుబుక్కు తీస్తాడు.